ఆఫ్ కెమెరా ఫ్లాష్‌తో పోర్ట్రెయిట్లు: మనిషి అతికించినట్టే ఎందుకొస్తున్నాడు?

కొత్తలైటు
ఫ్లాష్ కొన్నాను, స్టాండు కొన్నాను, దూరంనుంచి ఫ్లాష్ వెలిగించే ట్రిగ్గర్ కొన్నాను, తెల్ల గొడుగూ కొన్నాను. కెమెరా నెత్తిన పెట్టి మొహం మీద కొట్టే ఫ్లాష్ కంటే బాగుంటుందని ఆశ. వెలుగు బానే పడుతోంది కానీ ప్రతి ఫొటోలోనూ మనిషిని ఎక్కడినుంచో కత్తిరించి తెచ్చి అతికించినట్టు ఉంటోంది. సాయంత్రం ఆరుబయట తీసినవి మరీ ఘోరం. వెనక ఆకాశానికీ ముందున్న మనిషికీ సంబంధమే ఉండట్లేదు. పోనీ ఎడిటింగ్‌లో కలుపుదామని కూర్చుంటాను. కాంట్రాస్ట్ పెంచి, చర్మం నునుపు చేసి, బ్యాక్‌గ్రౌండ్ ముదురు చేసి... లేచేసరికి మొదటిదే నయం అనిపిస్తుంది. నెట్‌లో చూసే క్రియేటివ్ పోర్ట్రెయిట్లు అసలు లైటుతో వస్తాయా, ఎడిటింగ్‌తో వస్తాయా? సూటిగా చెప్పండి.
నా సెట్టింగులు: ఎఫ్ 5.6, 1/200, ఐఎస్‌ఓ 100. ఫ్లాష్ టీటీఎల్‌లో (పవర్ కెమెరానే తేల్చే మోడ్), నాకు కుడిపక్కన, నా ఎత్తులోనే.

గొడుగుగోపి
ఎడిటింగ్‌తోనే వస్తాయి. లైట్ల మీద పోసిన డబ్బు గుర్తొచ్చి లైటుతో వచ్చాయని చెప్పుకుంటాం.

కిటికీపక్కన
అందుకే నేను ఈ జోలికే పోను. మనిషిని కిటికీ పక్కన కూర్చోబెట్టి, రెండడుగులు ఇటో అటో జరిపితే అయిపోయింది. బ్యాటరీ అయిపోదు, ట్రిగ్గర్ మొరాయించదు, స్టాండు మోయక్కర్లేదు. మనిషి కూడా బిగుసుకుపోడు.

సగంస్టాప్
కిటికీ సంగతి తర్వాత. జవాబు నీ సెట్టింగుల్లోనే ఉంది తమ్ముడూ.

ఫొటోలో రెండు వెలుగులున్నాయి. అక్కడ ముందునుంచీ ఉన్నది ఒకటి, నువ్వు తెచ్చింది ఒకటి. అపర్చర్ (ఎఫ్ అంకె; అంకె తగ్గితే లెన్సు రంధ్రం పెద్దది) మార్చినా ఐఎస్‌ఓ (సెన్సర్ సున్నితత్వం) మార్చినా రెండూ కలిసి మారతాయి. షట్టర్ స్పీడ్ మారిస్తే మాత్రం మొదటిదే మారుతుంది. ఫ్లాష్ వెలిగి ఆరేది సెకనులో ఏ వెయ్యో వంతులోనో, పవర్ తగ్గిస్తే ఇంకా తక్కువలో. షట్టర్ 1/200 తెరిచి ఉంచినా 1/50 తెరిచి ఉంచినా దానికి ఒకటే. పొద్దు దిగాక నువ్వు 1/200 పెట్టావంటే వెనకున్న వెలుగును చేతులారా పారబోస్తున్నావన్నమాట. మిగిలేది ఫ్లాష్ ఒక్కటే. 1/50కి తెస్తే వెనకది రెండు స్టాపులు పెరుగుతుంది (ఒక స్టాప్ అంటే వెలుగు రెట్టింపో సగమో కావడం), మొహం మీద ఫ్లాష్ అలాగే ఉంటుంది.

నేను చేసే వరస ఇది. ముందు ఫ్లాష్ ఆపేయ్. వెనక దృశ్యం మామూలు ఎక్స్‌పోజర్ కంటే ఒక స్టాప్, మహా అయితే ఒకటిన్నర తక్కువ వచ్చేలా షట్టర్‌తో సర్దు. ఆ ఫొటోలో మనిషి ముదురుగా ఉన్నా పర్లేదు కానీ చొక్కా మడతలు, చెవి ఆకారం తెలియాలి. అవి తెలియకపోతే అక్కడే ఆగు, ఫ్లాష్ ముట్టుకోకు. తెలిశాక ఫ్లాష్‌ని మాన్యువల్‌లో 1/16 పవర్ దగ్గర మొదలుపెట్టి మొహం సరిపోయేదాకా పెంచుకో. ఇలా చేస్తే ఫ్లాష్ చేరని నీడవైపు ఆకాశం వెలుగే నింపుతుంది. ముందున్న మనిషినీ వెనకున్న ఆకాశాన్నీ కలిపేది ఆ నీడే. ఎడిటింగ్‌లో దాన్ని తెచ్చిపెట్టడం కష్టం.

రా_ఫైలు
+1. టీటీఎల్ ప్రతి ఫ్రేముకీ మనసు మార్చుకుంటుంది. తెల్ల చొక్కా కనిపిస్తే తగ్గిస్తుంది, నల్ల కోటు కనిపిస్తే పెంచుతుంది. నేర్చుకునేటప్పుడు మాన్యువలే.

కొత్తలైటు
సగంస్టాప్ అన్నా, 1/50లో చేయి వణికితే?

సగంస్టాప్
ఫ్లాష్ పడ్డ మొహాన్ని ఫ్లాష్ గడ్డకట్టిస్తుంది. వెనకున్నది కాస్త కదిలితే ఎవరూ పట్టించుకోరు. మొహం మీద కూడా బయటి వెలుగు గట్టిగా ఉందంటే అంచుల్లో దెయ్యం నీడ వస్తుంది, అప్పుడు ఐఎస్‌ఓ 400కి పెంచి షట్టర్ 1/200కే తెచ్చుకో. ఫ్లాష్ పవర్ రెండు స్టాపులు తగ్గించడం మర్చిపోకు.

జెల్‌కాగితం
ఎవరూ రంగు మాటెత్తలేదు. ఆ అతుకు కనిపించడానికి సగం కారణం అదే అంటాను. ఫ్లాష్ వెలుగు సుమారు 5500 కెల్విన్, అంటే మధ్యాహ్నపు ఎండ రంగు. సాయంత్రం నారింజ వెలుగులో నిలబడ్డ మనిషి మీద మధ్యాహ్నం వచ్చి పడితే కన్ను వెంటనే పట్టేస్తుంది, ఎందుకో చెప్పలేకపోయినా సరే. ఫ్లాష్ మూతికి సగం సీటీఓ జెల్ (వెలుగుని నారింజకి తిప్పే పారదర్శక కాగితం; సగం, నిండు అన్నది దాని గాఢత) అంటించు, సుమారు 3800కి దిగుతుంది. నిండు సీటీఓ అయితే సుమారు 2900, ఇంట్లో పసుపు బల్బుల రంగు.

ఇదే చిట్కా తిరగేసి వాడితే క్రియేటివ్ అవుతుంది. నిండు సీటీఓ ఫ్లాష్‌కి పెట్టు, కెమెరా వైట్ బ్యాలెన్స్ టంగ్‌స్టన్‌కి (పసుపు బల్బు వెలుగుని తెల్లగా చూపే సెట్టింగు) మార్చు. మొహం మామూలుగానే వస్తుంది. జెల్ తాకని ఆకాశం మొత్తం ముదురు నీలమైపోతుంది. చప్పిడి మబ్బు రోజున కూడా అర్ధరాత్రి తీసినట్టుంటుంది. ఎడిటింగ్‌లో ఇదే చేయాలంటే జుట్టు చుట్టూ మాస్క్ (ఎడిట్ ఎక్కడ పడాలో చెప్పే హద్దు) గీసుకుంటూ కూర్చోవాలి.

గొడుగుగోపి
జుట్టు చుట్టూ మాస్క్ అన్న మాట వినగానే నా మౌస్ చెయ్యి నొప్పెట్టింది.

చీకటిగది
సెట్టింగులు సరే, రంగు సరే. దిశ ఎవరు చూస్తారు? ప్రశ్నలోనే ఉంది, "నాకు కుడిపక్కన, నా ఎత్తులోనే." సూర్యుడు ఎడమవైపు వెనక దిగుతుంటే, నువ్వు కుడి ముందునుంచి కొడుతున్నావు. పైగా కంటి ఎత్తులో. ప్రకృతిలో వెలుగు ఎక్కువగా పైనుంచే వస్తుంది. అందుకే కంటి ఎత్తు లైటు మొహాన్ని చదును చేస్తుంది, కింది లైటు భయపెడుతుంది.

స్టాండు ఎత్తు. లైటు మనిషి తలకంటే పైన, కిందికి వంగి చూడాలి, పక్కకి నలభై ఐదు డిగ్రీల దగ్గర. ఇప్పుడు ముక్కు నీడ ఒక్కటే చూడు. మిగతాదంతా మర్చిపో. లైటు ముందుకి తెస్తే నీడ ముక్కు కిందికి పోయి సీతాకోకచిలుకలా పరుచుకుంటుంది. కాస్త పక్కకి జరిపితే బుగ్గమీదికి చిన్న వంపు వస్తుంది. ఇంకా జరిపితే ముక్కు నీడ బుగ్గ నీడతో కలిసిపోయి, చీకటివైపు కంటి కింద ఒక వెలుగు త్రికోణం మిగులుతుంది. అదే రేమ్‌బ్రాంట్ (డచ్ చిత్రకారుడు) లైటింగ్. త్రికోణం కంటి వెడల్పు దాటకూడదు, ముక్కు పొడవు దాటకూడదు. ఇంకా జరిపితే మొహం రెండు ముక్కలు, సగం పగలు సగం రాత్రి. చివరిగా కళ్ళలో మెరుపు చూసుకో. లైటు మరీ పైకి పోతే కంటి గుంటలు నల్లబడి మెరుపు మాయమవుతుంది, మనిషి నిద్రలేనట్టు కనిపిస్తాడు.

కిటికీపక్కన
చీకటిగది గారు చెప్పిందంతా కిటికీతో కూడా వస్తుంది కదండీ. మనిషిని తిప్పితే చాలు.

చీకటిగది
వస్తుంది. కిటికీ ఉన్నచోట, పగలు, మబ్బు కదలనంతసేపు.

కిటికీపక్కన
సరే, ఒప్పుకున్నాను, సగం.

చూస్తూపోతా
ఎప్పుడూ చదివి వెళ్ళిపోతాను, ఈసారి ఒక ప్రశ్న. గొడుగా, సాఫ్ట్‌బాక్సా (ముందు తెల్లగుడ్డ ఉన్న పెట్టె)? వెలుగు మెత్తగా రావాలంటే ఏది?

సగంస్టాప్
మెత్తదనం వస్తువులో లేదు. మనిషి ఉన్నచోటి నుంచి చూస్తే లైటు ఎంత పెద్దగా కనిపిస్తుందన్నదే లెక్క. మీటరు గొడుగు మొహానికి మీటరు దూరంలో ఉంటే మెత్తన. అదే గొడుగు ఆరు మీటర్ల దూరం జరిపితే చిన్న చుక్క, నీడ అంచులు గట్టిపడతాయి. సూర్యుడు ఎంత పెద్దవాడైనా దూరం వల్ల గట్టి లైటే. మబ్బు కమ్మితే ఆకాశమంతా లైటవుతుంది, మెత్తబడుతుంది.

జెల్‌కాగితం
మెత్తదనం అక్కడ సమానం కావచ్చు, చిమ్మడం సమానం కాదు. తెల్ల గొడుగు గుండా కొడితే వెలుగు నాలుగువైపులా పోతుంది. తెల్లగోడల చిన్న గదిలో అయితే అన్ని గోడలూ లైట్లే, నీడ అన్నదే మిగలదు. మూడ్ కావాలంటే గ్రిడ్ (వెలుగు పక్కలకి పోకుండా ఆపే జాలి) ఉన్న సాఫ్ట్‌బాక్స్. లేదంటే నీడవైపు నల్లగుడ్డ వేలాడదీయండి, గోడనుంచి తిరిగొచ్చే వెలుగును మింగేస్తుంది.

సగంస్టాప్
అది నిజమే. దూరం గురించి ఇంకో మాట, బ్యాక్‌గ్రౌండ్ నల్లగా కావాలా బూడిదగా కావాలా అన్నది కూడా దూరమే తేలుస్తుంది. దూరం రెట్టింపైతే వెలుగు నాలుగో వంతు. లైటు మొహానికి 1 మీటరులో, గోడ మొహానికి 2 మీటర్లు వెనక ఉందనుకోండి. లైటునుంచి గోడ 3 మీటర్లు, అంటే మొహం మీద పడ్డదాంట్లో తొమ్మిదో వంతే గోడకి చేరుతుంది, మూడు స్టాపులకి పైగా తక్కువ. తెల్లగోడ కూడా ముదురు బూడిద. అదే లైటుని 3 మీటర్లకి జరిపితే గోడ 5 మీటర్లలో ఉంటుంది, తేడా ఒకటిన్నర స్టాపే. గోడ ముట్టుకోకుండా, రంగు వేయకుండా, ఎడిటింగ్ లేకుండా బ్యాక్‌గ్రౌండ్ మార్చావు. నాకు ఈ ఆటలో అన్నిటికంటే ఇష్టమైనది ఇదే.

గొడుగుగోపి
గొడుగు గురించి అనుభవం మీద ఒక మాట: బయట గాలి వీస్తే అది లైటింగ్ పరికరం కాదు, తెరచాప. స్టాండు కాలికి ఇసుక సంచి కట్టండి. స్టాండుతో పాటు ఫ్లాష్ కూడా నేలకి నమస్కారం పెడితే ఆ శబ్దం చెవుల్లోంచి పోదు.

రా_ఫైలు
బయట ఎండలో తీసేవాళ్ళ కోసం. వెనక మసక కావాలని ఎఫ్ 2.8 పెడతాం. నడి ఎండలో ఐఎస్‌ఓ 100కి 1/200 దగ్గర ఎఫ్ 11 కావాలి. ఎఫ్ 2.8 అంటే నాలుగు స్టాపులు ఎక్కువ, అంతా తెల్లగా మాడిపోతుంది. షట్టర్ 1/3200కి పెంచితే ఫ్లాష్ వెలుగు ఫ్రేము మొత్తానికీ పడదు. నేను హైస్పీడ్ సింక్ (అంత వేగం షట్టర్‌తోనూ ఫ్లాష్ పనిచేసే మోడ్) వాడేస్తాను, బటన్ నొక్కితే పని అయిపోతుంది.

సగంస్టాప్
బటన్ నొక్కితే పని అయిపోతుంది, ఫ్లాష్ బలం కూడా అయిపోతుంది. సింక్ స్పీడ్ (మామూలు ఫ్లాష్ పనిచేసే గరిష్ఠ షట్టర్ వేగం) దాటాక షట్టర్ తెరలు ఒకేసారి పూర్తిగా తెరుచుకోవు, సన్నటి సందు సెన్సర్ మీదుగా జారుకుంటూ పోతుంది. ఆ సందు దాటేదాకా ఫ్లాష్ టపటపా కొట్టుకుంటూ ఉండాలి. దాంతో రెండు స్టాపులో అంతకంటే ఎక్కువో పోతుంది. చిన్న ఫ్లాష్, గొడుగు, నడి ఎండ, హైస్పీడ్ సింక్ నాలుగూ కలిస్తే మొహం మీద ఏమీ పడదు. నాలుగు స్టాపుల ఎన్‌డీ ఫిల్టర్ (వెలుగు తగ్గించే బూడిదరంగు అద్దం) లెన్సుకి పెట్టి 1/200లోనే ఉండు.

రా_ఫైలు
ఎన్‌డీ ఫ్లాష్‌ని కూడా తగ్గిస్తుందిగా!

సగంస్టాప్
తగ్గిస్తుంది, రెండిటినీ సమానంగా. ఎఫ్ 11లో తీస్తే ఎంత పవర్ కావాలో అంతే కావాలి. హైస్పీడ్ సింక్‌లో అంతకంటే ఎక్కువ కావాలి.

రా_ఫైలు
ఎన్‌డీ పెడితే అద్దాల వ్యూఫైండర్‌లో మోడల్ కన్ను కనబడదు, ఫోకస్ తప్పుతుంది. చవక ఫిల్టర్ అయితే చర్మం రంగు కూడా మారుతుంది. లైటు మొహానికి దగ్గరగా పెట్టగలిగితే హైస్పీడ్ సింకే నాకు హాయి.

చీకటిగది
మీరిద్దరూ ఆ మోడల్‌ని చెట్టునీడలోకి రమ్మంటే గొడవే ఉండదు.

కొత్తలైటు
సగంస్టాప్ అన్న చెప్పిన వరసలో, సగం సీటీఓతో, లైటు పైకెత్తి తీశాను. అతికించినట్టు లేదు! నీడవైపు దవడ మీద ఆకాశం రంగు కనిపిస్తోంది, అది చూసి నాకే నమ్మబుద్ధి కాలేదు. ఇప్పుడు ఇంకో సమస్య. నుదురు, ముక్కు నూనె రాసినట్టు మెరుస్తున్నాయి. స్కిన్ స్మూతింగ్ వేస్తే మైనపు బొమ్మవుతోంది. ఇది మళ్ళీ లైటు తప్పేనా?

లేయర్లలోజీవితం
ఇన్నాళ్ళకి నా వంతు వచ్చింది. మెరుపు కొంత లైటుది. లైటు పెద్దదైతే అదే మెరుపు విశాలంగా పరుచుకుని మృదువవుతుంది, చిన్నదైతే చుక్కలా మండుతుంది. గొడుగు ఇంకా దగ్గరికి తెచ్చి, నడిబొడ్డు మొహం వైపు కాకుండా కాస్త ముందుకి తిప్పి అంచు వెలుగు మొహం మీద పడనివ్వండి. ఒక కాగితపు రుమాలుతో నుదురు అద్దమనండి. దీనికి సాఫ్ట్‌వేర్ అక్కర్లేదు.

మిగిలింది ఎడిటింగ్‌ది. ఒకే స్లయిడర్‌తో నునుపు చేస్తే రంగు మచ్చతో పాటు చర్మరంధ్రాలు కూడా పోతాయి. మైనం అక్కడినుంచే. ఫ్రీక్వెన్సీ సెపరేషన్ అంటే ఆ రెండిటినీ విడదీయడం. ఫొటోషాప్‌లో ఫొటోని రెండు కాపీలు చేసి, కిందిదాన్ని గాసియన్ బ్లర్‌తో మసక చేస్తాం. చర్మరంధ్రాలు అప్పుడే కనబడకుండా పోయే దగ్గర ఆపాలి, ఒక్క అంకె కూడా ఎక్కువొద్దు. పైదాంట్లో అప్లై ఇమేజ్‌తో కిందిది తీసేసి, లీనియర్ లైట్ బ్లెండ్ మోడ్‌లో పెడితే మొదటి ఫొటో యథాతథంగా తిరిగొస్తుంది. ఇప్పుడు మొటిమ పై లేయర్‌లో, ఎర్ర మరక కింది లేయర్‌లో. దేనిపని దానికి.

కానీ నిజం చెప్పాలంటే నేను దాన్ని తక్కువే వాడతాను. నా పని ఎక్కువగా డాడ్జ్ అండ్ బర్న్. రెండు కర్వ్స్ లేయర్లు, ఒకటి వెలుగు పెంచేది, ఒకటి తగ్గించేది, రెండిటికీ నల్ల మాస్క్. తెల్ల బ్రష్, ఫ్లో (బ్రష్ గాఢత) ఒకటి రెండు శాతం. కంటి కింద గీత మాయం చేయక్కర్లేదు, దాని చీకటి కాస్త ఎత్తితే చాలు. విసుగు పని. దగ్గరికి జూమ్ చేసి చేయాలి, మాటిమాటికీ దూరం చేసి చూడాలి. నేను ఫొటోని అద్దంలోలా ఎడమ కుడి మార్చి చూస్తాను, అలవాటుపడ్డ కన్ను దాచిన తప్పులు అప్పుడు బయటపడతాయి.

కొత్తలైటు
అక్కా, ఫ్లో ఒక శాతమా? ఎప్పటికి అవుతుంది?

లేయర్లలోజీవితం
అవదు. డెడ్‌లైన్ వచ్చాక ఆపేస్తాం.

రా_ఫైలు
అందరికీ అంత ఓపిక ఉండదు మేడం. నా దగ్గరికొచ్చేవాళ్ళు అడిగేది ఒక్కటే, "కొంచెం తెల్లగా చేయండి". ఆరెంజ్ లూమినెన్స్ (నారింజ రంగుల వెలుగు; చర్మం రంగూ దాంట్లోకే వస్తుంది) స్లయిడర్ కుడికి జరిపితే వాళ్ళు సంతోషం, నేను సంతోషం.

లేయర్లలోజీవితం
దీనికి మాత్రం ఒప్పుకోను. ఆరెంజ్ పెంచితే చర్మంలో వెలుగుకీ నీడకీ ఉన్న తేడా చచ్చిపోతుంది. ఇందాక చీకటిగది గారు అంత కష్టపడి తెమ్మన్న త్రికోణం ఒక్క జరుపుతో సగం తుడిచేశారు. పైగా పెదవులు, చెక్క తలుపు, ఇటుక గోడ, ఆరెంజ్ ఉన్నదల్లా పాలిపోతుంది. చామనఛాయ, నల్లటి చర్మం అందమంతా దానిమీద మెరుపు జారే తీరులో ఉంది. చెంప ఎముక మీద, భుజం మీద. పెద్ద లైటు పక్కనుంచి పెట్టి ఆ మెరుపు పట్టుకుంటే మనిషి వెలిగిపోతుంది, తెల్లబరచక్కర్లేదు. మీ కస్టమర్‌కి నిజంగా కావలసింది తెలుపు కాదు, వెలుగు అని నా అనుమానం. రెండూ తీసి పక్కపక్కన పెట్టి చూపించండి.

రా_ఫైలు
చూపిస్తాను. తెలుపే కావాలంటే మిమ్మల్ని పిలుస్తాను, మీరే చెప్పండి.

చీకటిగది
ఈ జబ్బు సాఫ్ట్‌వేర్‌తో రాలేదు. ఫిలిం రోజుల్లో ల్యాబుల్లో రంగులు సరిచూసుకోవడానికి కోడాక్ పంపే కార్డుల మీద తెల్లజాతి స్త్రీ ఫొటో ఉండేది, షర్లీ కార్డు అనేవారు. దశాబ్దాలపాటు ఆమె చర్మం సరిగ్గా వస్తే ప్రింటు సరిగ్గా వచ్చినట్టు లెక్క. మిగతా చర్మాలు ఎలా వచ్చినా అడిగేవాడు లేడు.

చూస్తూపోతా
ఇదంతా ఎందుకండీ, ఫోన్‌లోనే లైటు మార్చేయొచ్చుగా? ఐఫోన్‌లో పోర్ట్రెయిట్ లైటింగ్ 2017లోనే వచ్చింది. ఇప్పుడు ఎడిటింగ్ యాప్‌లలో కూడా లైటు ఎటువైపు కావాలో వేలితో చూపిస్తే చాలు.

సగంస్టాప్
వాడండి, తప్పులేదు. కాకపోతే ఒక పరీక్ష పెట్టండి. లైటు ఎడమకి మార్చాక ముక్కు నీడ కుడికి వెళ్ళిందా? కళ్ళలో మెరుపు ఎడమకి వచ్చిందా? చెంప ఒక్కటే తెల్లబడి, మెరుపు కుడికంట్లోనే పాతచోట కూర్చుని ఉంటే పట్టుబడ్డట్టే.

కిటికీపక్కన
నేనన్నది కూడా ఇదే కదా. అసలు వెలుగుతో తీసినదానికీ దీనికీ పోలికేంటి? ఎడిటింగ్ అంటేనే కళని చంపడం.

చీకటిగది
అలా అనకు బాబూ. ఫొటోగ్రాఫర్ ఫిలిప్ హాల్స్‌మన్ 1948లో చిత్రకారుడు సాల్వడార్ డాలీని గాల్లోకి ఎగిరించి, పిల్లుల్ని విసిరించి, నీళ్ళు చల్లించి ఒక ఫొటో తీశాడు. అవన్నీ గాల్లో ఆగిపోవడం ఫ్లాష్ పుణ్యం. కానీ రీటచ్ చేయని ప్రింటు కూడా మిగిలింది, చూడు. ఈజిల్‌ని (బొమ్మ గీసే స్టాండు) పైనుంచి తీగలు పట్టుకున్నాయి, కుర్చీని పక్కనుంచి ఒక చెయ్యి పట్టుకుంది. ఆ తీగలు, ఆ చెయ్యి తర్వాత చెరిపేశారు. హాలీవుడ్ తారల ఫొటోలకి నెగటివ్ మీదే సన్న పెన్సిల్‌తో చర్మం సరిదిద్దేవారు. అక్క చేసే పనే, లేయర్లు లేవంతే. అక్కడ చెయ్యి జారితే అన్‌డూ లేదు.

లేయర్లలోజీవితం
నెగటివ్ మీద పెన్సిలా! నేనైతే మొదటిరోజే ఉద్యోగం మానేసేదాన్ని.

గొడుగుగోపి
పిల్లులకి మోడల్ ఫీజు ఇచ్చారో లేదో?

చూస్తూపోతా
ఇంకొక్కటి అడిగి వెళ్ళిపోతాను. కళ్ళజోడు పెట్టుకున్నవాళ్ళని తీస్తే అద్దాల్లో గొడుగు మొత్తం కనిపిస్తోంది. జోడు తీసేయమంటే వాళ్ళ మొహం వాళ్ళదిలా ఉండదు.

చీకటిగది
తీయమనకు. వెలుగు ఏ కోణంలో అద్దాన్ని తాకుతుందో అదే కోణంలో తిరిగిపోతుంది, ఆ దారిలో లెన్సు లేకుండా చూసుకోవడమే. లైటు ఇంకా పైకెత్తు, ఇంకా పక్కకి జరుపు. చాలకపోతే చెవి మీది కాడలు పిసరంత పైకెత్తమను, అద్దాలు నేలవైపు వంగుతాయి. ఫొటోలో తెలియదు. గడ్డం కొంచెం దించమన్నా అంతే.

లేయర్లలోజీవితం
ఇది మాత్రం తీసేటప్పుడే చూసుకోండి, దండం పెడతాను. అద్దం వెనక కనుపాపని మళ్ళీ గీయడం కంటే నరకం లేదు. తప్పదంటే ఫ్రేము కదలకుండా లైటు ఒకటి ఆపి ఇంకో షాట్ తీసి ఇవ్వండి, కళ్ళు దాంట్లోంచి తెచ్చుకుంటాం.

కొత్తలైటు
స్నేహితుడి పాత ఫ్లాష్ ఒకటి తెచ్చాను, వెనకనుంచి జుట్టు అంచుకి పెడదామని. నా ఫ్లాష్ చూసి వెలిగే స్లేవ్ మోడ్ ఉంది దాంట్లో. వెలుగుతోంది కానీ ఫొటోలో దాని వెలుగు పడట్లేదు. బల్బు పోయిందా?

సగంస్టాప్
పోలేదు. నీ మెయిన్ ఫ్లాష్ మళ్ళీ టీటీఎల్‌లో ఉంది కదూ? టీటీఎల్ ఫొటో కంటే ముందు కొలవడానికి చిన్న మెరుపు ఒకటి వదులుతుంది. ఆ ఫ్లాష్ దానికే వెలిగిపోయి, అసలు ఫొటో సమయానికి ఖాళీగా ఉంటుంది. మెయిన్‌ని మాన్యువల్‌కి మార్చు, లేదా స్లేవ్‌ని ఎస్1 నుంచి ఎస్2కి మార్చు. ఎస్2 మొదటి మెరుపుని వదిలేస్తుంది.

కొత్తలైటు
ఎస్2కి మార్చాను. పడుతోంది! జుట్టు అంచు వెలిగింది. కాకపోతే లెన్సులోకి కూడా కొడుతోంది, ఫొటో అంతా తెల్లటి పొర.

జెల్‌కాగితం
ఆ ఫ్లాష్ పక్కన నల్ల అట్టముక్క ఒకటి రబ్బర్ బ్యాండుతో కట్టు, కెమెరా వైపు అడ్డంగా. పవర్ 1/32కి దించు. అంచులైటు ఉందని తెలిస్తే చాలు, అరవక్కర్లేదు.

సగంస్టాప్
బయట ఎండలో ఆ స్లేవ్‌ని నమ్ముకోకు, మెయిన్ ఫ్లాష్ మెరుపు దాని కంటికి ఆనదు. రెండో రిసీవర్ తగిలించి రేడియో ట్రిగ్గర్‌కి మారిపో.